హారతి కర్పూరము ఎచటికి పోయినది?

 

ప్రతిదినము సాయంకాలము నీరాజనము ఇచ్చునపుడు భక్తులతో నేను చెప్పుచుండెడి మాట యొకటి కలదు. కర్పూరము వెలిగి, శేషమేమియు మిగులకుండ పోవుచున్నది. జీవుని అహంకారము కూడ అట్లే నశింపవలెను అని. మా గురువుగారు చెప్పెడివారు, నేనును ఇరువదియైదు సంవత్సరములుగా చెప్పుచుంటిని. గత వేసవి సెలవులలో మా చెల్లెలి కుమారుడు, తొమ్మిదవ తరగతి విద్యార్థి, హారతి కన్నుల కద్దుకొని మంటపమున కూర్చుండి నన్నడిగెను: "మామయ్యా, ఏమీ మిగలలేదంటున్నారు కదా. మరి కర్పూరం ఎక్కడికి పోయింది?"

"పరమాణువులుగా విడిపోయిందిరా. ఇదంతా మన కణాద మహర్షి ఏనాడో చెప్పాడు" అంటిని. వాడు కొంచెము ఆలోచించి, "అయితే ఆ పరమాణువులన్నీ పోగుచేసి తూస్తే కర్పూరమంత బరువే ఉండాలా, ఎక్కువ ఉండాలా, తక్కువ ఉండాలా?" అనెను. వానికి బడిలో రసాయనశాస్త్రము అప్పుడే ఆరంభమైనది. నా యొద్ద సమాధానము లేదు. బాల్యమున తర్కసంగ్రహమును కంఠస్థము చేసినవాడను, ముక్తావళి చదివినవాడను, అయినను లేదు. ఆ సెలవులు ముగియులోపల మన గ్రంథములను, వాని గ్రంథములను ఎదురెదురుగా పెట్టుకొని చదివి తెలిసికొన్నది ఇచట విన్నవించుచున్నాను.

ముందుగా మన శాస్త్రము చెప్పినది. వైశేషిక దర్శనమున కార్యద్రవ్యమునకే నాశము. పరమాణువునకు నాశము లేదు. అవయవముల సంయోగము విడిపోగానే అవయవి నశించును. రెండు పరమాణువులు కూడిన ద్వ్యణుకము, మూడు ద్వ్యణుకములు కూడిన త్ర్యణుకము. గవాక్షములోనుండి పడు సూర్యకిరణమున కదలాడు నలుసే ఆ త్ర్యణుకము, కంటికి కనబడు ద్రవ్యములలో అత్యల్పమైనది. పృథివి, జలము, తేజస్సు, వాయువు అని పరమాణువులు నాలుగు విధములు. ప్రశస్తపాదుని భాష్యములో ఈ సృష్టి ప్రళయముల క్రమమంతయు ఉన్నది. కావున "కర్పూరము శూన్యములో కలిసినది" అని మన తార్కికులెవ్వరును చెప్పలేదు. నేను హారతి యొద్ద చెప్పుచుండెడి మాటయే శాస్త్రమునకు కొంత దూరమైనది.

ఇక బరువు. ఇచటనే నాకు అడ్డు తగిలినది. వైశేషికులు గురుత్వమును ఇరువదినాలుగు గుణములలో ఒకటిగా లెక్కించిరి. పండు మొదట క్రిందికి పడుటకు కారణము ఆ గురుత్వమే. కాని అది పృథివీ జలములయందు మాత్రమే ఉండును. తేజస్సునకు లేదు, వాయువునకు లేదు. బాలురకు సులభముగా బోధపడుటకై వ్రాసితినని తానే చెప్పుకొన్న అన్నంభట్టు కూడ తర్కసంగ్రహమున ఇదియే చెప్పెను. గాలికి బరువే లేదన్నచో మా వాని ప్రశ్నకు అర్థమే లేదు. కర్పూరము గాలిలో కలిసినది, గాలికి తూకము లేదు, విచారణ ముగిసినది.

మనవారికి త్రాసు తెలియదని దీని తాత్పర్యము కాదు. తులాపురుష దానము చేసిన దేశము మనది. వాదములోనికి కూడ త్రాసు వచ్చినది. తంతువులకంటె వస్త్రము వేరు, కపాలములకంటె ఘటము వేరు, అవయవములకంటె అవయవి వేరైన క్రొత్త ద్రవ్యము అని న్యాయ వైశేషికుల సిద్ధాంతము. దానిపై బౌద్ధులు వేసిన ఆక్షేపము మిక్కిలి చక్కనిది: అవయవి నిజముగా వేరొక ద్రవ్యమైనచో దాని గురుత్వము అదనముగా చేరవలెను కదా, పరమాణువు మొదలు ఘటము వరకు మెట్టు మెట్టునకు ఒక్కొక్క క్రొత్త అవయవి పుట్టుచుండగా త్రాసు ఏల మరింత క్రిందికి వంగదు? ఉద్ద్యోతకరుడు న్యాయవార్తికమున ఈ ఆక్షేపమును ఎదుర్కొనెను. ధర్మకీర్తి ప్రమాణవార్తికమున దీనిని మరల చేపట్టెను. అదనపు గురుత్వము ఉన్నను తులకు అందునంత ఎక్కువ కాదు అనునది నైయాయికుల పక్షమున వినవచ్చు సమాధానములలో ఒకటి.

ఆ పుటలు చదువుచున్నపుడు నాకు కలిగిన భావమును దాచను. ఇంత దగ్గరకు వచ్చిరి! కార్యము తూకము కారణముల తూకమునకు సమానమా, అధికమా అని సూటిగా అడిగిరి. ఈనాటి రసాయనశాస్త్రమునకు పునాది రాయి ఆ ప్రశ్నయే. కాని ఆ వాదమున త్రాసు ఉదాహరణగానే నిలిచిపోయినది. నేను చదివిన గ్రంథములలో, ఉభయపక్షములలో ఎవ్వరును లేచి వెళ్ళి త్రాసు తెచ్చి తూచినట్లు లేదు.

గాలికి బరువు లేదనుట మన ఒక్కరి పొరపాటే కాదు. యవన దేశమున అరిస్టాటిల్ అగ్నికి లాఘవమను ఎదురు గుణమునే కల్పించెను. ఐరోపా వేల సంవత్సరములు ఆయన వెంట నడచినది. ఆ మార్గము మారినది 17వ శతాబ్దమున. 1643లో ఇటలీ దేశమున టోరిచెల్లి అను పండితుని సూచనపై ఒక కొన మూసిన గాజు గొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందులుగా నిలిపిరి. పాదరసము పూర్తిగా జారిపోలేదు. సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచినది. బయటి గాలి తన బరువుతో తొట్టిలోని పాదరసమును నొక్కుచు దానిని నిలబెట్టుచున్నది. 1648లో పాస్కల్ తన బావగారిచేత అట్టి గొట్టమునే ఫ్రాన్సు దేశమున ఒక పర్వతము పైకి మోయించెను. పైకి పోయినకొలది పాదరసము దిగినది, ఏలయన అచట మీదనున్న గాలి తక్కువ.

తెలుగు గడ్డపై పుట్టి కాశికి పోయి అంతటి కీర్తి గడించిన అన్నంభట్టును పండితులు ఆ 17వ శతాబ్దమువాడనియే నిర్ణయించిరి. కాశికి పోయినంత మాత్రమున ఎవడును అన్నంభట్టు కాజాలడని మనలో సామెత. ఆ మహానుభావుడు బాలురకు గురుత్వము పృథివీ జలములయందే అని బోధించిన శతాబ్దముననే వారు గాలిని తూచిరి. పాదరసమా, మన రసవైద్యులకు దానికంటె ప్రియమైన వస్తువు లేదు. అష్టాదశ సంస్కారములు చేసి దానిని శివవీర్యమని పూజించిరి. గాజు గొట్టములో పోసి నిలబెట్టలేదు, అంతే.

మరియొక చోట మన గ్రంథము ప్రత్యక్షమునకు ఎంత సమీపమున నున్నదో చూడుడు. బంగారము తైజస ద్రవ్యమని తర్కసంగ్రహము. అన్నంభట్టు దానికి దీపికలో యుక్తి చెప్పెను: నేయి అత్యంతాగ్ని సంయోగమున ద్రవత్వమును కోల్పోవును, బంగారము ఎంత కాల్చినను ద్రవముగానే నిలుచును, కావున పార్థివము కాదు, జలమును కాదు, తేజస్సే. మరి బంగారమునకు బరువు ఎట్లు వచ్చినది? అందులో కలిసిన పార్థివ భాగము వలన. చిన్నప్పుడు ఇది చదివి నేను నవ్వుకొంటిని. ఇప్పుడు నవ్వను. నిప్పులో బంగారము మారదు, తక్కిన లోహములు చాలవరకు మారును అను పరిశీలన సత్యము. దానిపై కట్టిన సిద్ధాంతము నిలువలేదు. ఆధునిక రసాయనశాస్త్రమునకు తండ్రియని చెప్పబడు లావోసియే 1789లో ప్రకటించిన తన ప్రాథమిక గ్రంథమున 33 మూలపదార్థములను పేర్కొనెను. వానిలో మొదటివి రెండు ఏవి? కాంతియు, ఉష్ణమును! ఉష్ణమును ఆయన ఒక ద్రవ్యమనియే తలచెను. మన తేజస్సునకు అది ఎంత దగ్గర చుట్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ లావోసియే చేసిన పని వేరు. ఆయన కాలమున పాశ్చాత్యులు, వస్తువు మండునపుడు దానినుండి ఫ్లోజిస్టన్ అను దాహ్యతత్త్వము వెలికి పోవునని నమ్మెడివారు. అట్లయినచో మండిన వస్తువు బరువు తగ్గవలెను. గంధకము, భాస్వరము మండినపుడు బరువు పెరుగుచున్నదని ఆయన 1772లో కనుగొనెను. పిదప నాలుగు ఔన్సుల పాదరసమును గాజుపాత్రలో, 50 ఘనపు అంగుళముల గాలితో బంధించి పండ్రెండు దినములు ఎడతెగక వేడిచేసెను. పైన ఎర్రని పొడి ఏర్పడినది. గాలి సుమారు 42 ఘనపు అంగుళములకు తగ్గినది. మిగిలిన గాలిలో దీపము ఆరిపోయెను. ఆ ఎర్రని పొడిని 45 గ్రెయిన్లు తూచి మరింత వేడిచేయగా 41½ గ్రెయిన్ల పాదరసము తిరిగి వచ్చినది, ఏడెనిమిది ఘనపు అంగుళముల వాయువు వెలువడినది. ఆ వాయువులో దీపము మిరుమిట్లు గొలుపుచు వెలిగెను. అదియే ఆక్సిజన్. (ఇది మన రససిందూరము కాదు. రససిందూరము గంధకముతో కూడినది. ఇది గాలితో కూడినది. రంగు చూచి భ్రమపడరాదు.) పోయినది ఎంతయో వచ్చినది అంతయే. ఆయన గ్రంథమునకు చిత్రములు వ్రాసినది ధర్మపత్ని మేరీ ఆన్. 1794లో విప్లవకారులు ఆయన శిరస్సును ఖండించిరి.

ఇక మా వాని కర్పూరము. ఒక కర్పూరపు అణువులో పది కార్బన్, పదునారు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులు కలవు. అది మండునపుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బొగ్గుపులుసు వాయువుగను, నీటి ఆవిరిగను మారును. లెక్క వాడే కట్టి చూపెను: 152 గ్రాముల కర్పూరము పూర్తిగా దహింపబడుటకు 432 గ్రాముల ఆక్సిజన్ కావలెను, వెలువడునది 440 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 144 గ్రాముల నీరు. మొత్తము 584. ఇటు 584, అటు 584. శేషమేమియు లేదని నేను చెప్పుచుండెడి వస్తువు తన బరువునకు దాదాపు నాలుగు రెట్లయి మంటపమంతయు నిండి నా ముందే ఉన్నది! హారతి పళ్ళెమున అంటిన మసి, పూర్తిగా మండని కార్బన్.

వాని తరువాతి ప్రశ్న ప్రతి ఏడు ప్రతి తరగతిలో ఎవరో ఒక పిల్లవాడు అడుగునదేనట. "హైడ్రోజన్ మండుతుంది, ఆక్సిజన్ మండిస్తుంది. రెండూ కలిసిన నీళ్ళు నిప్పును ఎలా ఆర్పుతాయి?" మన పక్షమున ఈ ప్రశ్న పుట్టదు, ఏలయన జలమునకు జలపరమాణువులే కారణము. కారణగుణములే కార్యగుణములను పుట్టించును. తెల్లని నూలు నుండి తెల్లని వస్త్రము. రసాయనశాస్త్రము వేరుగ చెప్పును. 1783లో హైడ్రోజన్‌ను మండించి నీటిని పొందిరి. అనగా నీరు హైడ్రోజన్ యొక్క భస్మము వంటిది. ఒకసారి కాలినది మరల ఏమి కాలును? పైగా అది ఆవిరియగుటకు నిప్పునుండి వేడిని లాగుకొనును. విభూతిని మరల హోమములో వేసిన మండునా అని నేను వానికి చెప్పితిని. వానికి నచ్చినది.

కాని గుణము ఎచట మారును అను ప్రశ్న మనవారు వదలినది కాదు. కుమ్మరి ఆవములో పచ్చికుండ నల్లగా పోయి ఎర్రగా వచ్చును. ఆ ఎరుపు ఎచట పుట్టినది? వైశేషికులు పీలుపాకవాదులు: అగ్ని తాకగానే కుండ పరమాణువులుగా విడిపోవును, పాకము పరమాణువులయందే జరుగును, మరల అవి కూడి ఎర్రని కుండ పుట్టును. నైయాయికులు పిఠరపాకవాదులు: కుండకు సూక్ష్మ రంధ్రములు కలవు, అగ్ని లోనికి చొచ్చును, కుండ కుండగానే ఉండి రంగు మారును, లేకున్న దానిపై పెట్టిన వస్తువు పడిపోదా, గీసిన గీత చెరగిపోదా? పాత రూపము పోయి క్రొత్త రూపము వచ్చుటకు తొమ్మిది క్షణములా, పదియా, పదునొకండా అని ముక్తావళిలో చర్చ. పాకజ విషయమున బుద్ధి తొట్రుపడనివాడే వైశేషికుడని పెద్దలమాట. నా బుద్ధి చాల పర్యాయములు తొట్రుపడినది.

నేటి శాస్త్రము ఈ ఇరువురిలో ఎవరిని సమర్థించును? నా తీర్పు ఇది: కుండ విడిపోలేదు, కావున నైయాయికులు గెలిచిరి. మార్పు కంటికి కనబడని సూక్ష్మస్థాయిలో జరిగినది, కావున వైశేషికులును పూర్తిగా ఓడలేదు. మట్టిలోని ఇనుప సమ్మేళనములు నీటిని విడిచి, ఆక్సిజన్‌తో కూడి ఎర్రబడును. అయితే ఇరువురును ఊహింపనిది ఒకటి కలదు. పరమాణువునకు రంగే లేదు. ఎరుపు వాని కూర్పు వలన వచ్చినది.

"కణాదుడు చెప్పినదే డాల్టన్ చెప్పెను" అనువారికి నేనిప్పుడు ఈ మాటయే జ్ఞాపకము చేయుచున్నాను. ఈ భ్రమకు మన పాఠ్యపుస్తకముల భాషయు కొంత కారణము. పరమాణువు, అణువు అను పదములను దర్శనమునుండి తీసికొని ఆ పుస్తకములలో క్రొత్త అర్థమున వాడిరి. కణాదుని పరమాణువులు నాలుగు జాతులు, గుణములచేత భిన్నములు. 1808లో గ్రంథము ప్రకటించిన డాల్టన్ పరమాణువులు బరువుచేత భిన్నములు. డాల్టన్ కూడ తడబడెను. నీటిలో ఒక హైడ్రోజన్‌కు ఒకే ఆక్సిజన్ అని ఆయన తలచెను. ఆ లెక్క సరియగుటకు అవొగాడ్రో, కానిజారోల కృషి, 1860 నాటి కార్ల్స్‌రూహే సభ కావలసివచ్చెను. "కనబడని దానిని ఎలా నమ్మాలి?" అని మా వాడు అడిగిన ప్రశ్ననే ఓస్ట్‌వాల్డ్ వంటి మహాపండితుడు 20వ శతాబ్దపు ఆరంభమున కూడ అడుగుచుండెను. 1905లో ఐన్‌స్టైన్ గణితము, 1908 నుండి పెరాఁ చేసిన ప్రయోగములు ఆ సందేహమును తీర్చినవి. నీటిలో తేలు అతిసూక్ష్మకణములు ఎడతెగక చలించుట, కనబడని అణువులు వానిని నలుదిక్కుల ఢీకొనుట వలననే అని వారు లెక్కతో చూపిరి. అది అనుమాన ప్రమాణమే! ధూమమును చూచి వహ్నిని తెలిసికొన్నట్లే. కిరణములోని నలుసు కూడ అట్లే కదలునని చెప్పవలెనని నాకు తోచినది, కాని దాని కదలిక చాలవరకు గాలి ప్రవాహము వలన. అది వేరు.

మన దేశమున త్రాసు, తర్కము ఏల కలియలేదు? ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనము బోధించుచు, రసగ్రంథముల తాళపత్రములను సేకరించి, హిందూ రసాయనశాస్త్ర చరిత్రను 1902లోను, 1909లోను రెండు సంపుటములుగా ప్రకటించెను. వర్ణవ్యవస్థ బిగిసి చేతిపని చేయువారు వేరు, చింతన చేయువారు వేరు అయిన నాటినుండి విజ్ఞానము క్షీణించెనని ఆయన వ్రాసెను. శంకరుల మాయావాదమును కూడ దోషిని చేసెను. రెండవ మాటను నేను అంగీకరింపను. వ్యవహారమున వ్యవహారమును భగవత్పాదులు కాదనలేదు. మొదటి మాటకు మాత్రము నా యొద్ద ఉత్తరము లేదు. కుమ్మరి ఆవమును గూర్చి వేయి సంవత్సరములు వాదించిన మనవారిలో ఆవము చెంత కూర్చుండి కుమ్మరిని అడిగినవారు ఎందరు? అయినను ఆ దారి మనకు పూర్తిగా తెలియనిది కాదు. రసేంద్రచింతామణి కర్త, విద్వాంసుల నోట వినినను, శాస్త్రమున చూచినను, తన చేతితో చేసి చూడనిదానిని వ్రాయలేదని చెప్పుకొనెను. చేసి చూపగలవాడే గురువు, తక్కినవారు నటులని అనెను.

ఆ వాక్యము చదివిన మరునాడు మా వీధి కంసాలిని అడిగి చిన్న త్రాసు తెచ్చితిని. రంగులు వేయువారు గరుకుతీయుటకు వాడు సన్నని ఇనుప పీచును మా వాడు దుకాణము నుండి తెచ్చెను. రెండు పళ్ళెములలో సమముగా తూచితిమి. ఒక ప్రక్క పీచును పట్టుకారుతో తీసి, పింగాణి పళ్ళెముపై పట్టి నిప్పంటించితిమి. ఎర్రని నిప్పురవ్వలు పాకుచు పోయి, అది నల్లబడి పెళుసైనది. రాలిన పొడితో సహా మరల త్రాసులో వేసితిమి. కాలిన వైపు పళ్ళెము మెల్లగా క్రిందికి దిగెను. మా వాడు ఎగిరి గంతువేసెను. నేను మరల ఒకసారి చేయుమంటిని. రెండవసారియు దిగెను.

ఇప్పుడు హారతి యొద్ద దృష్టాంతమును మార్చి చెప్పుచున్నాను. కర్పూరము పోలేదు, కర్పూరమను పేరును, ఆ తెల్లని రూపమును పోయినవి అని.